సమ్మెట నుంచి వెల్డింగు దాకా: మన ప్రాంతానికి భారీ ఫ్యాబ్రికేషన్ పని వచ్చిన తీరు

మన సంఘంలో రైల్వే నుంచి విరమించినవారు ఎక్కువ. అందుచేత సమావేశాల్లో రైలు కబుర్లకు ఎప్పుడూ కొదవ ఉండదు. షిప్‌యార్డు, ప్లేట్స్ అండ్ వెస్సెల్స్, ఉక్కు కర్మాగారాల్లో పనిచేసి కొత్తవలస చుట్టుపక్కల స్థిరపడ్డవాళ్ళం కూడా తక్కువేమీ లేము గాని, మా పని గురించి మేము రాసుకున్నది దాదాపు ఏమీ లేదు. ప్రత్యేక సంచికకు మీ పని చరిత్ర రాయండి అని కార్యదర్శిగారు కోరిన మీదట ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎవరు ఏ హోదాలో విరమించారు అన్నది ఇక్కడ విషయం కాదు. ఆ పని మన ఊళ్ళకు ఎలా వచ్చింది, కొత్తగా చేరిన కుర్రవాడికి ఎలా అబ్బింది అన్నదే విషయం.

ఫ్యాబ్రికేషన్ అంటే బట్టల మిల్లు పనా అని మా మనవరాలు అడిగింది. పెద్దవాళ్ళలోనూ చాలామంది వెల్డింగు ఒకటే అనుకుంటారు. వెల్డింగు అందులో ఒక భాగం మాత్రమే. ఉక్కు కర్మాగారం నుంచి చదునుగా వచ్చిన మందపాటి ప్లేటును కొలిచి, గుర్తుపెట్టి, కోసి, వంచి, అంచుకు అంచు కలిపి, వెల్డు చేసి, పరీక్షించి ఒక ఆకారానికి తేవడమంతా ఫ్యాబ్రికేషనే. ఓడ పొట్ట, వంతెన గడ్డరు, ఎరువుల ఫ్యాక్టరీలో తాటిచెట్టుకు రెండు మూడింతలు ఉండే కాలమ్, వంటగ్యాసు నిల్వచేసే గోళం, ఇవన్నీ అలా తయారైనవే. రైలు కిటికీలోంచి చూసినవాడికి అవి పెద్ద డబ్బాల్లా కనిపిస్తాయి. లోపల ఎంత ఒత్తిడి ఉందో బయటికి తెలియదు.

కమ్మరి కొలిమి

మన ఊళ్ళకు ఈ పని పూర్తిగా కొత్త కాదని నా అభిప్రాయం. నాగటి కర్రు, గునపం చేసే కమ్మరి ప్రతి పల్లెలోనూ ఉండేవాడు. ఆయన పనుల్లో కష్టమైనది బండి చక్రానికి ఇనప పట్టా వేయడం. చక్రాన్ని పట్టా మీద ఒక చుట్టు దొర్లించి పొడవు గుర్తుపెట్టుకునేవాడు. పట్టాను చక్రం కన్నా కొంచెం బిగువుగా ఉండేటట్టు చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పటకార్లతో చక్రానికి తొడిగి, మీద నీళ్ళు పోసేవాడు. కాలినప్పుడు సాగిన ఇనుము చల్లారుతూ ముడుచుకుని కర్రను పట్టేసేది. మేకు అక్కరలేదు.

చుట్టుకొలత లెక్క, వేడికి సాగడం, చల్లారితే ముడుచుకోవడం, ఈ మూడూ తెలిసినవాడికి మా పనిలో సగం తెలిసినట్టే. తేడా అల్లా పరిమాణంలోనూ, బాధ్యతలోనూ ఉంది. పట్టా జారితే బండి ఆగుతుంది. పీడన పాత్ర పగిలితే ప్రాణాలు పోతాయి.

ఓడల కర్మాగారం

మన జిల్లా మనుషులకు భారీ పని మొదట పరిచయమైంది విశాఖపట్నం ఓడల కర్మాగారంలో. వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ తలపెట్టిన ఆ యార్డుకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యుద్ధం వల్ల పని వెనకబడింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 మార్చి 14న నెహ్రూ గారు జల ఉష అనే ఓడను నీటిలోకి వదిలారు. 1952లో అది హిందూస్తాన్ షిప్‌యార్డు అయింది, 1961 నాటికి పూర్తిగా ప్రభుత్వపరమైంది, 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్ళింది.

అప్పటికి ప్రపంచంలో ఓడల పని రివెట్టు నుంచి వెల్డింగుకు మారుతున్న కాలం. నాకు పని నేర్పిన మేస్త్రీగారు రివెట్ల పనిలో చేయి తిరిగినవారు. ఒక జట్టులో నలుగురు ఉండేవారట. ఒకడు కొలిమిలో రివెట్టును ఎర్రగా కాల్చి విసిరేవాడు. ఒకడు దానిని డబ్బాతో పట్టి రంధ్రంలో పెట్టేవాడు. ఒకడు వెనుక నుంచి బరువైన డాలీ ఆనించి పట్టుకునేవాడు. నాలుగోవాడు ముందునుంచి తల చదును చేసేవాడు. రివెట్టు చల్లారి ముడుచుకుని రెండు ప్లేట్లనూ దగ్గరకు లాగేది. బండి పట్టా సూత్రమే.

"ఎరుపు తగ్గకముందే దెబ్బ పడాలి. నలుగురిలో ఒకడికి మనసు ఇంటికాడ ఉంటే రివెట్టు వదులైపోద్ది" అని చెప్పేవారు. వదులైన రివెట్టును చిన్న సుత్తితో తట్టి చెవితో గుర్తుపట్టేవారు. గట్టిది ఒక మోత, వదులుది ఒక మోత. ఆ మోతల మధ్యనే పనిచేసి చివరికి ఆయన చెవులు రెండూ పోయాయి. ఆ సంగతి తరవాత రాస్తాను.

కె.కె. లైను

కొత్తవలస పేరు దేశానికి తెలిసింది కె.కె. లైను వల్ల. ఇది 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడక ముందు మాట. అప్పటికి మనది విశాఖపట్నం జిల్లా. బైలదిల్లా కొండల ముడి ఇనుమును రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960లో చేపట్టిన లైను ఇక్కడినుంచి బయలుదేరి శృంగవరపుకోట, బొడ్డవర, అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా కిరండూల్ చేరుతుంది. 1966-67లో మొదలైంది. 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. దారిలో 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ అప్పట్లో దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజి స్టేషను. రైల్వే మిత్రులకు ఇదంతా కంఠతా వచ్చు కనుక నేను పెంచి రాయను.

మా పనికి ఆ లైను చేసిన మేలు ఒకటుంది. దుంగలు మోసిన, బండలు పగలగొట్టిన మన పల్లెల కుర్రవాళ్ళకు కళాసీ పని వచ్చింది. టన్నుల బరువున్న గడ్డరును వించి, డెరిక్కు, చైను కప్పీలతో లేపి, అంగుళం అటూ ఇటూ కాకుండా చోటులో దించడం చదువుతో వచ్చేది కాదు. బరువు మధ్య ఎక్కడుందో చూపుతో పోల్చుకోవాలి. స్లింగు ఎక్కడ కట్టాలో, లేచినప్పుడు ఎటు తిరుగుతుందో ముందే తెలియాలి. ఒకడే చేయి చూపాలి, క్రేను ఎక్కినవాడు ఆ ఒక్క చేతినే చూడాలి. లైను పని అయిపోయాక ఆ కళాసీలలో కొందరు విశాఖలో కొత్తగా లేస్తున్న కర్మాగారాలకు వెళ్ళారు. తరవాత మేము ఐ.టి.ఐ. సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్ళేసరికి బరువు ఎత్తే దగ్గర మాకు గురువులు వాళ్ళే.

1966 తరవాత

విశాఖలో 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కేంద్రం, 1967లో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ వచ్చాయి. ఇటువంటి కర్మాగారాలకు కావలసిన పెద్ద పాత్రలను విదేశాల నుంచి తెప్పించుకోవడం దేశానికి భారం. వాటిని ఇక్కడే చేయాలని కేంద్ర ప్రభుత్వం 1966లో భారత్ హెవీ ప్లేట్ అండ్ వెస్సెల్స్ సంస్థను గాజువాక దగ్గర స్థాపించింది. చెకోస్లొవేకియా సాంకేతిక సహకారం ఇచ్చింది. జనం నోట బి.హెచ్.పి.వి. అయిన ఆ సంస్థ 2013లో బి.హెచ్.ఇ.ఎల్.లో కలిసిపోయింది.

అదే 1966లో విశాఖ ఉక్కు ఉద్యమం. ఆ నవంబరు 1న విశాఖలో జరిగిన కాల్పులు ఇంకా గుర్తున్నవారు మనలో ఉన్నారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు శంకుస్థాపన చేశారు. మొదటి బ్లాస్టు ఫర్నేసు గోదావరి 1990లో రాజుకుంది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. మధ్యనున్న పదేళ్ళలో షెడ్లు, స్తంభాలు, గొట్టాలు, చిమ్నీలు అంటూ లేచిన ఇనుమంతా ఫ్యాబ్రికేటర్ల చేతుల మీదుగా లేచిందే. మన ప్రాంతంలో ఇంటికొక ఫిట్టరో, వెల్డరో, కళాసీయో తయారైంది ఆ కాలంలోనే.

పనిలోకి రావడం

మా తరానికి దారి కంచరపాలెం ఐ.టి.ఐ. ఫిట్టరుకు రెండేళ్ళు, వెల్డరుకు ఒక ఏడు. ఆ తరవాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండు మీద ఒక ఏడు. కొత్తవలసలో తెల్లవారుజామున పాసింజరు ఎక్కి, పెందుర్తి, సింహాచలం దాటి విశాఖలో దిగి, అక్కడినుంచి బస్సో, సైకిలో. చేతిలో క్యారేజీ, సంచిలో ఖాకీ బట్టలు. ఐ.టి.ఐ.లో ఆకురాయితో అరచేతి మందం ఇనప ముక్కను చదును చేసి పెద్ద పనివాళ్ళమైపోయాం అనుకున్న కుర్రవాళ్ళం, షాపులోకి అడుగుపెట్టి క్రేనుకు వేలాడుతున్న రెండు టన్నుల ప్లేటును చూసి గోడకు అంటుకుపోయేవాళ్ళం.

మొదటి ఆరునెలలూ హోల్డరు ముట్టుకోనివ్వలేదు, కటింగు టార్చి ముట్టుకోనివ్వలేదు. పని అంతా మార్కింగు దగ్గరే. మూలమట్టం, రసమట్టం, డివైడరు, సెంటరు పంచి, సుద్ద పూసిన దారం, ఉక్కు టేపు. మేస్త్రీగారు మాకు నేర్పిన మొదటి పాఠం కర్ణాలు కొలవడం.

"ఒరే గుంటడా, ఈ ప్లేటు చదరంగా ఉందా?"

"ఉంది బావు."

"ఎలా తెలుసు?"

"నాలుగు పక్కలూ సరిపోయాయి బావు."

"పక్కలు సరిపోతే సరా? మంచం కోళ్ళు వాలినా పట్టెలు సమానమే ఉంటాయి. మూల నుంచి మూలకి రెండు వైపులా కొలు. రెండూ ఒకటైతేనే చదరం."

పాఠం అంతే. అది పట్టుబడితే ఆపైన నలభై ఏళ్ళు అక్కరకొస్తుంది.

రెండో పాఠం గుండ్రం చేయడం. మనవళ్ళకు లెక్కల పాఠంలో పనికొస్తుంది కనుక కొంచెం వివరంగా రాస్తాను. లోపలి వ్యాసం 2000 మిల్లీమీటర్లు, ప్లేటు మందం 20 మిల్లీమీటర్లు ఉండే పాత్ర కావాలి. ఎంత పొడవు ప్లేటు కోయాలి? బడిలో చదివినవాడు 2000ని 3.1416తో గుణించి 6283 అంటాడు. బయటి వ్యాసం తీసుకుంటే 6409 వస్తుంది. రెండూ పనికిరావు. ప్లేటు వంగినప్పుడు లోపలి ముఖం నొక్కుకుంటుంది, బయటి ముఖం సాగుతుంది. సాగకుండా, నొక్కుకోకుండా ఉండేది మందంలో నడిమి గీత ఒక్కటే. కనుక 2020ని 3.1416తో గుణించాలి. 6346 మిల్లీమీటర్లు. 6283కే కోస్తే రోలింగు అయ్యాక అంచుల మధ్య నాలుగు వేళ్ళు పట్టే సందు మిగులుతుంది. దానిపైన వెల్డింగుకు ముడుచుకునే లెక్క, అంచు కోత లెక్క వేరు.

ఆ ప్లేటు వెడల్పు రెండు మీటర్లయితే బరువు ఎంత? చదరపు మీటరుకు మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు. ఇరవై మిల్లీమీటర్లకు 157 కిలోలు. మొత్తం దాదాపు రెండు టన్నులు. రెండు టన్నుల ప్లేటు తప్పు కోస్తే అతికించడానికి అది గుడ్డ కాదు. అందుకే మేస్త్రీగారు ప్రతి లెక్కనూ రెండుసార్లు వేయించేవారు, రెండోసారి వేరే మనిషి చేత. గీత మీద పంచి గుర్తులు కొట్టించేవారు, సుద్ద చెరిగిపోయినా పంచి గుర్తు చెరగదు గనుక.

ఇంకొక ఆచారం ఉంది. ప్రతి ప్లేటు మీద అది పుట్టిన కొలిమి నంబరు ముద్రించి ఉంటుంది. ప్లేటును రెండుగా కోయాలంటే ముందు ఆ నంబరును రెండో ముక్క మీదికి కూడా ఎత్తాలి, తనిఖీ ఆయన చూసి తన ముద్ర వేయాలి, అప్పుడే మంట పెట్టాలి. నంబరు లేని ముక్క ఎంత మంచిదైనా తుక్కు కిందే లెక్క. దానిని మేము ప్లేటు జాతకం అనేవాళ్ళం.

ఇంత పట్టింపు ఎందుకు

కుర్రవాళ్ళకు ఇది చాదస్తంగా కనిపించేది. నియమాలు ఎక్కడినుంచి వచ్చాయో తెలిసిన తరవాత అలా అనిపించదు. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి మనుషులు చనిపోయాక, మరుసటి ఏడు బెంగాలులో బాయిలర్ల తనిఖీ చట్టం వచ్చింది. దేశమంతటికీ ఒకే చట్టం 1923లో వచ్చింది. దాని స్థానంలో 2025లో కొత్త చట్టం చేశారు. అమెరికాలో 1905లో బ్రాక్టన్ అనే ఊరి చెప్పుల ఫ్యాక్టరీలో బాయిలరు పేలి 58 మంది చనిపోయారు. అక్కడి ఇంజనీర్ల సంఘం కూర్చుని రాసిన బాయిలరు కోడే తరవాత మేము రోజూ పట్టుకు తిరిగిన కోడుకు మూలం.

పైన చెప్పిన పాత్రలో చదరపు సెంటీమీటరుకు పది కిలోల ఒత్తిడి ఉందనుకుందాం. వినడానికి పది కిలోలే. మూత మీద మొత్తం ఎంత పడుతుందో చూడండి. మూత వైశాల్యం 31,416 చదరపు సెంటీమీటర్లు. అంటే 314 టన్నుల తోపు. లోపల్నుంచి దాదాపు మూడు రైలు ఇంజన్లు కలిసి మోపినంత బరువు ఆ మూతను ఊడదీయాలని చూస్తూ ఉంటుంది. దానిని ఆపేది మనం పెట్టిన వెల్డే.

వెల్డింగు కొత్తలో ప్రపంచం చాలా నేర్చుకుంది. రెండో యుద్ధ కాలంలో అమెరికాలో వెల్డింగుతో వందలకొద్దీ ఓడలు కట్టారు. 1943 జనవరిలో షెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ రేవులో నిలబడి ఉండగానే నడిమికి చీలిపోయింది. తుపాను లేదు, దెబ్బ లేదు, చలి మాత్రం ఉంది. రివెట్టు ఓడలో పగులు వస్తే ప్లేటు అంచు దగ్గర ఆగుతుంది. వెల్డు ఓడ అంతా ఒకే ముక్క, పగులుకు అడ్డు లేదు. చలికి పెళుసెక్కే ఉక్కు, పదునైన మూలలు, వెల్డులో లోపాలు కలిసి అలా జరిగిందని తరవాత తేల్చారు. వెల్డింగు రాడ్డును పొయ్యిలో కాల్చి తేమ తీయమనడం, మందపాటి ప్లేటును ముందు వేడి చేయమనడం, రంధ్రాల మూలలు గుండ్రం చేయమనడం, ఉక్కు ముక్కను చల్లార్చి సమ్మెట దెబ్బకు పరీక్షించమనడం, ఇటువంటి వాటికి పట్టింపు పెరిగింది ఆ అనుభవాల తరవాతే.

అందుకే వెల్డు అయ్యాక ఎక్స్‌రే తీస్తారు. బియ్యపు గింజంత గాలిబుడగ కూడా ఫిల్ములో కనిపిస్తుంది. తరవాత పాత్రను కొలిమిలో పెట్టి ఆరువందల డిగ్రీల దాకా వేడిచేసి మెల్లగా చల్లారుస్తారు. వెల్డింగులో ఉక్కు లోపల మిగిలిపోయిన బిగువు దానితో సడలుతుంది. చివరికి నీళ్ళ పరీక్ష. మా రోజుల్లో పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టేవాళ్ళం. 1999 తరవాత అమెరికా కోడు దానిని 1.3 రెట్లు చేసింది. గాలితో కాక నీళ్ళతోనే ఎందుకంటే, నీరు నొక్కుకోదు. పాత్ర పగిలినా నీళ్ళు కారి ఒత్తిడి అక్కడికక్కడే పడిపోతుంది. అదే గాలి అయితే బాంబే. ఒత్తిడి ముల్లు పైకెక్కి కదలకుండా నిలబడే ఆ అరగంటా షాపులో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. ముల్లు నిలబడిందంటే ఆరునెలల పని నిలబడినట్టు.

పాత్ర బయటికి వెళ్ళేటప్పుడు దానికి ఒక పేరు పలక వేస్తారు. కంపెనీ పేరు, ఏడాది, ఒత్తిడి, ఉష్ణోగ్రత. వెల్డరు పేరు ఉండదు గాని, అతను వేసిన అతుకు పక్కన అతని నంబరు పంచి కొట్టి ఉంటుంది. గుర్తుపెట్టిన ఫిట్టరుకు, ఎత్తిన కళాసీకి ఆ నంబరు కూడా లేదు. నేను దానిని ఫిర్యాదుగా చెప్పడం లేదు. మన చరిత్ర పలక మీద దొరకదు గనుక మనమే రాసుకోవాలని చెబుతున్నాను.

ఒంటికి అంటుకున్నవి

పని ఇచ్చిన కూడు, గౌరవం గురించి అందరికీ తెలుసు. తీసుకున్నదాని గురించి కూడా రాయాలి. ఎందుకంటే దాని లెక్క ఇప్పుడు మన ఇళ్ళలో తేలుతోంది.

వెల్డింగు వెలుగు నేరుగా చూస్తే రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది. బంగాళాదుంప చక్రాలు కళ్ళ మీద పెట్టుకుని పడుకున్న రాత్రులు కుర్రతనంలో అందరికీ ఉంటాయి. అది రెండు రోజుల్లో తగ్గేది. తగ్గనిది చెవి. సమ్మెట, గ్రైండరు, గాలి ఉలి మోత ఏళ్ళ తరబడి వింటే చెవిలోని సన్నని రోమ కణాలు చచ్చిపోతాయి, మళ్ళీ మొలవవు. ముందు పోయేది సన్నని శబ్దాలు. అందుకే "మాట వినిపిస్తోంది గాని అర్థం కావడం లేదు" అంటాం. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు ముందు జారిపోతాయి. ఇంట్లోవాళ్ళు ముసలాయన పట్టించుకోవడం లేదని నొచ్చుకుంటారు. పట్టించుకోకపోవడం కాదది, పని చేసిన గాయం. శబ్దం వల్ల వచ్చే చెవుడు చట్టప్రకారం వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. మా మేస్త్రీగారి కాలంలో దూది ముక్క తప్ప ఏమీ లేదు. మా కాలంలో ప్లగ్గులు వచ్చాయి గాని, పెట్టుకున్నవాడిని పిరికివాడనేవారు.

పొగ సంగతి కూడా తెలుసుకోవాలి. వెల్డింగు పొగ క్యాన్సరు కలిగించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో తేల్చింది. భయపెట్టడానికి రాయడం లేదు. దగ్గు నెల దాటితే బీడీ వల్లనో, వయసు వల్లనో అని సరిపెట్టుకోకుండా, నేను ఇన్నేళ్ళు వెల్డింగు దగ్గర పనిచేశాను అని డాక్టరుగారికి నోరు విప్పి చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. చెవి పరీక్ష చేయించుకుని మిషను పెట్టుకోవడానికి సిగ్గుపడవద్దు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, నెలాదాయం 15,000 రూపాయలు మించని వృద్ధులకు వినికిడి మిషను వంటివి ఉచితంగా ఇవ్వడానికి 2017లో నెల్లూరులో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. అర్హులైనవారు మన సంఘం ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇప్పుడు చేరుతున్నవారు

ఇప్పుడు ప్లేటు కోతకు కంప్యూటరు యంత్రాలు వచ్చాయి. ఆకారం చెబితే విప్పిన కొలత అదే వేసుకుంటుంది. సంతోషమే. కాని నడిమి గీత లెక్క తెలియనివాడు యంత్రానికి తప్పు వ్యాసం ఇస్తే, యంత్రం ఆ తప్పునే చక్కగా, తొందరగా కోసి ఇస్తుంది. కర్ణాలు కొలిచే మనిషి ఇప్పటికీ కావాలి.

మన ఊళ్ళ కుర్రవాళ్ళు ఐ.టి.ఐ. చదివి గుజరాతుకు, గల్ఫుకు, సింగపూరుకు వెళుతున్నారు. మా వీధి కుర్రవాడు ఒకడు ఈమధ్య ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాడు. మొదటి రోజే గ్రైండరు చేతికిచ్చారట. కొలతలు ఎవరూ చూపలేదు, చెవికి ప్లగ్గు ఎవరూ ఇవ్వలేదు. "తాతగారూ, అక్కడ నేర్పేవాళ్ళు లేరు, చేయించుకునేవాళ్ళే ఉన్నారు" అన్నాడు. మాకు హోల్డరు ముట్టనివ్వని ఆ ఆరునెలలను అప్పట్లో శిక్ష అనుకున్నాం. ఈ కుర్రవాడి మాట విన్న తరవాత అది ఎంత పెద్ద పెట్టుబడో తెలుస్తోంది. నేర్చుకునే ఆ కాలం కొత్తవాడికి ఇవ్వకపోతే నష్టపోయేది వాడొక్కడే కాదు. ఆ పాత్ర పక్కన నిలబడి పనిచేసే ప్రతి మనిషీ నష్టపోతాడు.

సంఘానికి నాది ఒక మనవి. మనలో చాలామంది ట్రంకు పెట్టెల్లో పాత నోటు పుస్తకాలు ఉన్నాయి. కోను విప్పే లెక్క, మోచేతి గొట్టం మార్కింగు, డిష్ మూతకు కోయవలసిన గుండ్రం, కళాసీ చేతి సైగల బొమ్మలు, నూనె మరకల మధ్య పెన్సిలుతో రాసుకున్నవి. ఇల్లు సున్నం వేసినప్పుడల్లా ఒకటో రెండో పాత కాగితాలవాడికి వెళ్ళిపోతున్నాయి. వాటిని సంఘం గదిలో ఒక బీరువాలో చేర్చుదాం. నెలకు ఒక ఆదివారం, ఓపిక ఉన్న ఇద్దరు కూర్చుంటే, ఐ.టి.ఐ. పిల్లలు నలుగురు వచ్చినా చాలు, సుద్ద దారం, టేపు, ఒక అట్టముక్క పెట్టుకుని మార్కింగు చూపవచ్చు. అట్ట మీద నేర్చుకున్నవాడు ప్లేటు మీద తడబడడు.

నా వంతుగా నా నోటు పుస్తకాలు రెండు కార్యదర్శిగారికి అందజేశాను. మిగిలిన మిత్రులు కూడా వచ్చే సర్వసభ్య సమావేశానికి తమవి తీసుకురావలసిందిగా కోరుతున్నాను.